బూడిదలో రెండు కుడిపాదాలు

వాన జల్లు పొయ్యి మీద పడి తడి బూడిద వాసన లేచిందంటే, నా ఎడమకాలి ఎముకలో ఎవరో నిద్ర లేస్తారు. ఈ మాటకు మా ఆవిడ నవ్వుతుంది. ఈ చెరుకు దీవిలో, మా రివియేర్ దు రాంపార్ ఊళ్ల వైపు నా మాట నమ్మేవాళ్లు ఎలాగూ తక్కువ. తుఫానులో నా బండి ఎద్దులతో సహా చెరుకు తోట మీదుగా ఎగిరి మిల్లు ముంగిట దిగిందని చెప్పినవాణ్ణి నేను. కానీ కాలి సంగతి వేరు. అది పైడమ్మత్త చేతి చలవ.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. మా నాన్న మన దేశం నుంచి కూలికి వచ్చిన ఓడలోనే ఆమె కూడా వచ్చింది. ఒకే ఓడ దిగినవాళ్లంటే మా కూలీల కాంపులో రక్తసంబంధం కంటే ఎక్కువ. పగలు చెరుకు నరికేది, పొద్దువాలాక కాంపులో బెణికిన చేతులు, విరిగిన కాళ్లు చూసేది. చెరుకంతా ఎద్దుబండ్ల మీదే మిల్లుకు పోయే రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. కోత మొదట్లోనే నా బండి చక్రం నా కాలి మీదుగా పోయింది. తోట డాక్టరు కట్టు కట్టి, వారాల తరవాత విప్పి, ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నాడు. నేను నడవలేదు. అడుగు మోపితే లోపల ఎండుపుల్లలా టప్‌మంటుందని భయం. మంచం మీదే ఉండగా పిక్క ఎండుటాకులా చుట్టుకుపోయింది. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నాడు: "కోత అయ్యేలోపు బండెక్కకపోతే నీ ఎద్దులు ఇంకొకడివి." ఎద్దులు తోటవే. వాటికి పేర్లు పెట్టింది మాత్రం నేను.

ఆ సాయంత్రం అత్త వచ్చి పిక్క పట్టి చూసింది.

"ఏటిరా సిమ్మాద్రీ, ఇలా తొంగుంటే ఎముక ఊరుకుంటాదేటి?"

"కదిపితే మళ్లీ విరగదా అత్తా?"

"అతికినాది. ఇప్పుడు అరుగుతాది. ఎముకలో కూలోళ్లుంటారు నాయనా, కంటికి ఆనరు. నువ్వు అడుగేసినప్పుడల్లా గోడ రవంత వంగుతాది, సందుల్లో నీరు కదుల్తాది. ఆ కదలికే ఆళ్లకి కబురు. బరువు పడ్డకాడ కట్టుకుంటా పోతారు. కబురు రాలేదా, ఈ గోడెందుకులే అని ఊడదీసుకుపోతారు."

"మరి ఆళ్లకి సర్దారెవరు?"

"నీ మడమేరా, ఎర్రి గుంటడా!"

పొయ్యిలో బూడిద తెచ్చి గుమ్మంలో పరిచింది. రోజూ పొద్దున్నే రెండు పాదాలూ అందులో మోపాలి. ఒక్కసారే బరువంతా వేయకూడదు, అలాగని కొయ్యలా నిలబడిపోనూ కూడదు; వేస్తూ తీస్తూ ఉండాలి. పొలం నుంచి వచ్చాక గుర్తుల లోతు తాను చూస్తుంది.

మూడు రోజులు గుర్తులు బ్రహ్మాండంగా పడ్డాయి. నాలుగోరోజు అత్త బూడిద ముందు చాలాసేపు గొంతుక్కూర్చుంది. ఇరుగుపొరుగు గుమిగూడారు.

"సిమ్మాద్రీ, మీ యమ్మ నిన్ను రెండు కుడికాళ్లతో కన్నాదేటి?"

గుమ్మం పట్టుకుని, మంచి కాలితోనే రెండు గుర్తులూ వేశాను. రెండు బొటనవేళ్లూ ఒకేవైపు పడతాయని తట్టలేదు. కాంపంతా పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు. అరచేత్తో బూడిద చదును చేసి, "నన్ను మోసం చేత్తే ఏటీ కాదురా. ఆ లోపలోళ్లు ఎదురుసూత్తన్నారు" అంది. తన భుజం నా చంక కిందికి ఇచ్చింది.

ఎడమపాదం బూడిదను తాకింది. కోడి అడుగు కూడా అంతకంటే లోతుగా పడుతుంది. టప్ అనలేదు. ఇక్కడ మీరు నన్ను నమ్మాలి: మడమ నుంచి మోకాలిదాకా, పూసిన చెరుకు మీద గాలి పోయినట్టు ఒక గుసగుస. ఆ తరవాత మధ్యాహ్నాలు కునుకు పట్టే వేళ నాకు వాళ్లు కనిపించేవారు. సున్నపు గంపలు ఎత్తుకుని, తలపాగాలు చుట్టుకుని, మా నాన్న పాడే పాటే పాడుకుంటూ ఎముక గోడ వెంట నిచ్చెన లేకుండా ఎక్కిపోయేవారు. ఒకడు ఆగి నాకేసి చెయ్యి ఊపాడు కూడా. రోజురోజుకూ బూడిదలో గుర్తు లోతైంది. చివరి చెరుకు బండి మిల్లుకు పోయిన రోజున పగ్గాలు నా చేతిలోనే ఉన్నాయి.

చాలా ఏళ్లకు అత్త మంచం పట్టింది. కుడికాలు పట్టు తప్పింది. నేను వెళ్లి ఆమె మంచం పక్కన బూడిద పరిచి వచ్చాను. మర్నాడు చూస్తే రెండూ ఎడమపాదాలే.

"ఇదేటి అత్తా?"

"నీకాడ నేర్సుకున్నాన్రా" అని బోసినోటితో నవ్వింది.

నేను చదును చేసి, భుజం ఇచ్చాను. చెరుకు పూతంత బరువు. కుడిపాదం బూడిదకు ఆనీ ఆననట్టు ఆనింది.

"కబురెళ్లినాదా?" అంది.

"ఎళ్లింది అత్తా. గంపలు ఎత్తుకుంటన్నారు."

ఆమె కళ్లు మూసుకుని వింది. నేను చెప్పినవాటిలో కోతలేవో నాకు తెలుసు. ఆ ఒక్క మాట మాత్రం కోతో నిజమో ఇప్పటికీ తెలియదు. అందుకే వాన వెలిసిన పొద్దున బూడిద పరిచి ఎడమపాదం మోపుతాను, తీస్తాను, మళ్లీ మోపుతాను. మా ఆవిడ నవ్వుతుంది. నేను వింటూ ఉంటాను.