ఆ గ్యాస్ కాదు

పొద్దున్న మా గేటు దగ్గర డెలివరీ అతను "గ్యాస్" అని అరిచాడు. స్టవ్ మీద నా చెయ్యి ఆగిపోయింది. తొంభైల్లో ఫ్యాక్టరీల పక్కన, గాజువాకలో పెరిగిన మీకైతే అర్థమవుతుంది.

అప్పట్లో "గ్యాస్ వచ్చింది" అంటే సందు చివరికి సిలిండర్ల లారీ వచ్చిందని. ఖాళీ బండలు దొర్లించుకుంటూ పరిగెత్తేవాళ్లం, గుర్తుందా? నాలుగో తరగతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ కేకే వినబడింది. నిద్రపోతున్న తమ్ముణ్ని ఇంట్లో వదిలి అమ్మా నేనూ బండతో బయల్దేరాం. సందు చివరికి వెళ్లేసరికి, ముక్కులకి తడిగుడ్డలు అడ్డం పెట్టుకుని జనం ఎదురు పరిగెత్తుకొస్తున్నారు. నా గొంతు మండడం మొదలైంది.

పక్కింటి అప్పలనర్సమ్మ మామ్మ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒలమ్మా, ఆ బండొగ్గీ. ఆ గ్యాస్ కాదు. పేక్టరీలో గ్యాస్ లీకైపోనాదంట."

"బాబు లోపల పడుకున్నాడండీ," అంది అమ్మ. బండ అక్కడే వదిలేసి, నన్ను మామ్మకి అప్పగించి వెనక్కి పరిగెత్తింది.

మెయిన్ రోడ్డు మీద నిలబడి, "అమ్మ వస్తాదా?" అని అడుగుతూనే ఉన్నాను. "వత్తాది, ఊరుకో," అంటూనే ఉంది మామ్మ. కానీ మా సందు వైపు నుంచి చూపు తిప్పలేదు.

చాలాసేపటికి అమ్మ తమ్ముణ్ని తడి తువ్వాల్లో చుట్టుకుని వచ్చింది. వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు విన్నాకే నాకూ ఏడుపొచ్చింది.

సాయంత్రం, ఇక భయం లేదంటే ఇళ్లకి వెళ్లాం. ఆ రోజు నుంచి అమ్మ ఆ మాటే మానేసింది. వంటింట్లో ఉన్నది "సిలిండర్". కడుపులో గ్యాస్ పట్టినా "ఉబ్బరం" అనే అంటుంది.