మౌల్వీ సాబ్ పళ్లెం

పోయిన గురువారం ఫిజీలో మా లంబాసా ఊరి మౌల్వీ సాబ్ కన్నుమూశారు. మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే కూరలమ్మే ఆమె చెప్పింది. నేను ఏరడం ఆపలేదు. ఏళ్ల తరబడి నర్సు పని చేసినదాన్ని, చావు కబురు నన్ను అంత తొందరగా పట్టుకోదు. ఇంటికొచ్చి చూస్తే వంకాయల్లో సగం పుచ్చులే.

ఆయన మంచివారే గానీ మహా మొండి. టీలో చక్కెర తగ్గించమంటే, "నమాజు చెయ్యమని నేనంటే మీరు వింటారా సిస్టర్?" అనేవారు. మేం మాట్లాడుకునేది ఫిజీ హిందీ. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

ఒక రంజాన్ నెలలో, హెచ్.ఐ.వి. ఉన్న టాక్సీ డ్రైవరొకడు ఉపవాసమని మాత్రలు మానేశాడు. మనిషి చిక్కిపోతున్నాడు. పేరు చెప్పకుండా మౌల్వీ సాబ్‌ను సాయం అడిగాను.

"ఆ జబ్బు మాట మసీదులోనా? తౌబా!"

"అయితే అతను పోయాక జనాజా నమాజుకే పిలుస్తాలెండి" అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

శుక్రవారం మైకులో చెప్పారు: హెచ్.ఐ.వి. మందులు వాడేవాళ్లు ఉపవాసం ఉండక్కర్లేదు, మాత్ర మానడమే తప్పు అని. మాట మంచిదే. షుగరూ బీపీ మందులు కూడా కలిపి చెబితే ఎవరి జబ్బేదో తెలియదని మా ఇద్దరికీ తోచలేదు. మర్నాడు డ్రైవరు టాక్సీ స్టాండులో మాత్ర మింగాడు. ఇంకేముంది, చూసినవాళ్లకి అర్థమైపోయింది. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు, నలుగురు కలిసి తినే పళ్లెం ముందు అతనొక్కడే మిగిలాడు.

"బతికించమంటే బజారుకీడ్చారు సిస్టర్! మసీదూ వద్దు, మీ మాత్రలూ వద్దు" అని మందుల సంచీ నా బల్ల మీద పడేసి పోయాడు.

నాకు ఒళ్లు మండింది. వెళ్లి మౌల్వీ సాబ్‌ను చెడామడా అనేశాను. ఆయన "మైకులో చేసిన తప్పు మైకులో దిద్దితే పోదు" అన్నారంతే. ఆ సాయంత్రం అదే డ్రైవరును బతిమాలి, అతని టాక్సీలోనే మసీదుకెళ్లి, అతని పళ్లెం ముందే కూర్చున్నారట. ఖర్జూరం తుంచి సగం అతనికిచ్చి, అతను తాగిన గ్లాసుతోనే నీళ్లు తాగారట. ఎవర్నీ పల్లెత్తు మాటనలేదు. రోజూ అదే పని. రంజాన్ అయ్యేలోగా ఆ పళ్లెం చుట్టూ మళ్లీ జనం చేరారు. డ్రైవరు సంచీ కోసం నా దగ్గరికొచ్చాడు.

ఆ తర్వాత మా క్లినిక్ మీటింగులకు ఆయన పిలవకపోయినా వచ్చేవారు. పెళ్లి మాటకెవరైనా వెళ్తే, "ముందు సిస్టర్ దగ్గర రక్తపరీక్ష, తర్వాత నికా" అని పంపేవారు.

గురువారం మధ్యాహ్నం వాళ్లింటికెళ్లాను. ఆడవాళ్లం వరండాలో కూర్చున్నాం. అంతిమస్నానం చేయించడానికి పెద్దకొడుకు మగవాళ్లను పిలుస్తున్నాడు. మొదట పిలిచింది ఆ డ్రైవరునే.

"నేనా భయ్యా?" అన్నాడతను, వెనక్కి తగ్గి.

"నిన్నే పిలవమని అబ్బాజాన్ చెప్పి పోయారు. రా."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. కాసేపటికి అతను బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు. చొక్కా చేతులు తడిసి, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరో తువ్వాలిచ్చారు. తీసుకున్నాడు గానీ తుడుచుకోలేదు.