ఇంటిపన్నులో తాత పేరు

మా ముత్తాత, తాత ఇద్దరూ వేములవాడ దగ్గర ఒక ఊరికి పటేళ్లు. వాళ్లు వస్తుంటే అరుగుల మీది జనం లేచి నిలబడేవారు. తాత పట్టణంలో అరుగులు వేసి కట్టిన ఇల్లు వీలునామాతో ఆయన కోడలైన మా అమ్మకు, మేం అవ్వ అంటాం, వచ్చినా, ఇంటిపన్ను తాత పేరు మీదే ఉండిపోయింది. పేరు మారితేగాని ఇల్లు అమ్మలేం. అవ్వను మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లాను.

“పాత ఓనర్ పేరేందవ్వా?” అన్నాడు గుమస్తా.

“మామ పేరు నోటితోని ఎట్లంట బిడ్డా?”

“గట్లయితే పన్ను మీ మామనే కడుతడా?”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గుమస్తా కంప్యూటర్‌లో చూసి గట్టిగా చదివాడు. “వెంకట్రావు పటేల్.”

అవ్వ చటుక్కున కుర్చీలోంచి లేచి, తాత ఎదుట నిలబడినట్టే, కొంగు తలమీదికి లాక్కుంది. నవ్వులు ఆగిపోయాయి. తాత పేరు విని ఒక మనిషి లేచి నిలబడటం నేను చూసింది అదే చివరిసారి.

పేరు మారింది. ఇల్లు అమ్మేశాం, అరుగులతో సహా.