ముందు పని చెప్పు

మొన్న మధ్యాహ్నం మా బడి తెలుగు మేడం కంప్యూటర్ ల్యాబుకొచ్చి నా పక్కన కూర్చుంది. నాలుగేళ్లలో రిటైరవుతుంది, ఈలోగా ఒక్క ప్రోగ్రామైనా తన చేత్తో నడపాలని సరదా పుట్టిందట. రెండు పంక్తులు రాయించాను. ఇక నల్లటి తెర మీద కమాండ్ కొట్టడమే మిగిలింది. ఆమె ఫైలు పేరు ముందు కొట్టి, నడిపించే మాట చివర కొట్టింది. అలాంటి కమాండ్ లేదు పొమ్మంది కంప్యూటర్. నడిపే మాట ముందు రావాలన్నాను. "గదెట్ల? కర్త, కర్మ, క్రియ! ముప్పయ్యేండ్ల సంది జెప్తున్న, క్రియ ఆఖరికే వస్తది" అని నా మీదికే లేచింది. నాకు నవ్వాగలేదు. పదకొండేళ్ల కింద నేనూ అచ్చం ఇదే తప్పు చేశాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అప్పట్లో రోజూ బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, కంఠేశ్వర్‌లో పళ్ల డాక్టరు క్లినిక్ మీది అంతస్తులో కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. నేర్పే ఆవిడ నాకన్నా పదేళ్లు పెద్ద, అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్లు. మా ఇంట్లోవాళ్ల లెక్కలో నాది టైంపాస్. నా లెక్క వేరు. నిజామాబాద్‌లో ఒక బడివాళ్లు ల్యాబుకు మనిషి కావాలని ఆపాను అడిగారు. "ఎవ్వరి సాయం లేకుండ ఒక ప్రోగ్రాం నడిపి సూపియ్యి, నీ పేరు జెప్త. ఇంట్ల గూడ అడుగు" అని వారం గడువిచ్చింది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో చెప్పలేను, అన్నం తింటున్నా అదే ధ్యాస. కానీ ఇంట్లో అడగడం ఉంది చూశారూ, అదీ నా గండం. పెళ్లయిన పదహారేళ్లలో ఒక్క మాటైనా చివరిదాకా అన్న పాపాన పోలేదు. "ఇగో, నిజామాబాద్‌ల ఒక బడిల..." అని మొదలుపెట్టి అత్తమ్మ మొహం చూసేదాన్ని, మిగతాది గొంతులోనే ఉండిపోయేది. మన భాషలో ఉన్న సుఖమే అది. అసలు సంగతి ఆఖర్న కదా, మధ్యలో ఎవరైనా కనుబొమ్మ ఎత్తితే దారి మార్చుకోవచ్చు. ఆ వారంలో ఒకసారి "...బడిల కొత్త గేటు పెట్టిండ్రంట" అని ముగించాను. "మనకేందే దాంతోటి?" అన్నాడు మా ఆయన. మర్నాడు ఈ సంగతి ఆపాకూ చెప్పాను.

గడువు చివరి రోజు. నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆపా నమాజుకు లోపలి గదిలోకి వెళ్లింది. ఇష్టమున్న మాట రాసుకోమంది. 'బోధన్ బస్సు వచ్చింది' అని తెర మీద చూపించే ఒక్క పంక్తి రాసి, ఫైలుకు 'బస్' అని పేరు పెట్టుకున్నాను. తర్వాత నల్ల తెరలో 'బస్ డాట్ పై', దాని వెనక నడిపించే మాట 'పైథాన్' కొట్టాను. కమాండ్ లేదంది. మళ్లీ కొట్టాను. పెద్ద అక్షరాల్లో కొట్టాను. మెల్లగా ఒక్కో మీట నొక్కుతూ, కోపం తెప్పించకుండా కొట్టాను. ఊహూఁ. అరచేతులకు చెమటలు పట్టి చీర కొంగుకు తుడుచుకుంటుంటే ఆపా వచ్చి వెనక నిలబడింది. తెర చూసి ఫక్కున నవ్వింది. "అయ్యో పిచ్చిదానా! మీ అత్త ముంగట మాట్లాడినట్టు మాట్లాడ్తున్నవ్ గీనితోటి. ముందు పని జెప్పు. సామాన్ తర్వాత. మొదటి మాటే హుకుం, సమజైందా?" అంది.

మాటల వరస మార్చి ఎంటర్ నొక్కాను. బోధన్ బస్సు వచ్చింది. నిజమైన బస్సు కింద రోడ్డు మీంచి వెళ్లిపోయి ఉంటుంది, దాని సంగతే గుర్తు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు కూడా పడలేదు. "మీరు సాయం చేసిండ్రు కదా ఆపా, ఇది లెక్కకొస్తదా?" అన్నాను. "నేను మీట ముట్టిన్నా? ముట్టలే" అని తేల్చేసి, బడికి ఫోన్ చేసి నా పేరు చెప్పింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది, మా ఆయన పక్కన చాయ్ తాగుతున్నాడు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాను. "జేరుతున్న" అన్నాను. ఇద్దరూ తలెత్తారు. మాట బయట పడిపోయింది, ఇక గేటు గీటు అనడానికి లేదు. "దేంట్ల?" అన్నాడాయన. "నౌకరిల. నిజామాబాద్ బడిల, సోమవారం నుంచి." అత్తమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "అడుగుతున్నవా, జెప్తున్నవా?" అంది.  "జెప్తున్న అత్తమ్మా" అన్నాను. ఆమె ఇంకో నాలుగు కాయలు తుంచింది. "గిదే ముచ్చట జెప్పనీకె గిన్ని దినాలా? పొయ్యి మీద చాయ్ ఉంది, పోస్కో" అంది. అంతే.

ఆ పదహారేళ్లలో సగంలో మింగేసిన మాటలు ఎన్నో. వాటిలో ఎన్నింటికి ఆమె సరేననేదో అడుగుదామంటే, అత్తమ్మ పోయి అప్పుడే మూడేళ్లయింది.