వేడియప్ప పేరు చెప్పి కట్టిన గుడ్డ

"అది నా పంచె, నా దోషం. నువ్వెవతివి తీసేదానికి?"

"దోషం నీదే అన్నా, మొక్క నాది. దాని మెడకేసి పోతే ఎట్ల?"

హొగెనకల్‌లో కావేరి స్నానాల గట్టు కింద, కారిమంగళంలో అంగడి నడిపే గోపాలకృష్ణన్ తడి ఒంటితో నిలబడి అరుస్తున్నాడు. సెల్లమ్మాళ్ ఆ పంచెను కొక్కెం కర్రతో లాగి గోనెసంచిలో కుక్కింది. పక్కనే కుమరేశన్ ముక్కు మూసుకొని చెత్త ఏరుతున్నాడు. మర్దనాల నూనె జిడ్డు, షాంపూ పొట్లాలు, చేపల వేపుడు ఆకులు, ఎవడెవడివో చెడ్డీలు. కావేరమ్మా అని దండం పెట్టి, ఆ అమ్మ నోట్లోనే దోషం పోవాలని విడిచిన గుడ్డలు కుక్కి పోయే భక్తి. చదువు మానేసి ఇంట్లో పడి ఉంటే అమ్మ తిట్లు, ఇక్కడికొస్తే ఈ కంపు.

సెల్లమ్మాళ్ పుట్టింది ఈ ఒడ్డునే. చిన్నప్పుడు ఏటి ఒడ్డు ఏరుమద్ది చెట్ల వేళ్ల సందున చేయి పెడితే చేప తగిలేదట. చెట్లు కొట్టి కొట్లు వేసుకున్నాక వేళ్లూ లేవు, చేపా లేదు, వరద వచ్చినప్పుడల్లా ఒడ్డు విరిగి ఏట్లో పడుతోంది. బెంగళూరులో కాంక్రీటు మోస్తున్న ఆమె, ఒడ్డున మళ్లీ మద్ది మొక్కలు నాటుతున్నారని విని పరుగున వచ్చి ఆ పనిలో చేరింది. నాటిన మొక్కలను జనం తొక్కి పోతుంటే ఓర్చుకోలేక ఒక ఉపాయం చేసింది. పసుపు గుడ్డ చించి, ఈ సీమను కాచే దేవుడు వేడియప్ప సామి పేరు చెప్పి మొక్కమొక్కకూ కట్టింది.

తొక్కడం ఆగింది. ఆమె మురిసింది. నాలుగు రోజులకే ఎవడో మొక్క మొదట్లో కర్పూరం వెలిగించాడు. ఆ సామి కాళ్ల దగ్గర గుడ్డ విడిస్తే దోషం తొందరగా పోతుందని ఇంకెవడో పుట్టించాడు. ఇప్పుడు మొక్కలు తడి లుంగీల బరువుకు నేలకు వంగాయి, బెరడు మాడింది. ఆడి నెల పండగకు ఏటి స్నానాల జనం దిగితే ఒక్కటీ మిగలదు.

"సామిని కట్టింది నువ్వే కదమ్మా," అన్నాడు గోపాలకృష్ణన్ చొక్కా తొడుక్కుంటూ. "ఇప్పుడు నువ్వే వద్దంటే?"

సెల్లమ్మాళ్ గోనెసంచి మూతి బిగించి కట్టింది. అతను కారెక్కి పోయాడు.

"ఆ పసుపు గుడ్డలు విప్పి పారేస్తే పాయె కదత్తా," అన్నాడు కుమరేశన్, ఉమ్మేసి.

"నోరు కడుక్కో. మొక్కుకొని కట్టినాను. నా చేత్తో ఎట్ల విప్పేది?"

"మొక్క చచ్చినా పర్వాలేదా?"

ఆమె మాడిన బెరడు మీది మసిని బొటనవేలితో తుడుస్తూ కూర్చుంది. తలెత్తి అతన్ని చూసింది.

"మీయమ్మ చెప్తా ఉంటాది, నా కొడుకు సామీ లేదు గీమీ లేదంటాడని. నిజమేనా?"

"నిజమే."

"అట్లయితే పండగ లోపల నువ్వు విప్పు నాయనా. నేను అటు తిరిగి నిలబడతాను."