మసీదు బావి దగ్గర కలిసిన నా హజ్రా

నిన్న పొద్దున్న మా పాత వీధివాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. "హజ్రా బేగం ఇక లేరు."

నమ్మలేదు. బతికున్నవాళ్ల ఫోటోలకి కూడా దండలు వేసి ఫార్వర్డ్ చేసేస్తున్న రోజులివి. కోపం వచ్చి హజ్రా నంబరుకే ఫోన్ చేశాను.

వాళ్ల అబ్బాయి ఎత్తాడు. "ఆంటీ..." అన్నాడు. మధ్యాహ్నమే అంత్యక్రియలని చెప్పాడు.

హజ్రా నాకెలా ఫ్రెండ్ అయిందో మా పిల్లలకి కూడా సరిగ్గా చెప్పలేదు. ఇవాళ చెప్పాలి.

అరవైల చివర. విజయనగరం. ఇద్దరం పెళ్లికాని ఆడపిల్లలం. ఒకే వీధి, అయినా అప్పటిదాకా మాటల్లేవు.

ఆ ఎండాకాలం కుళాయిలు రాలేదు. బావులన్నీ అడుగంటాయి, మసీదు బావి తప్ప.

మసీదు పెద్దలు గేటు తీసేసి, అందరినీ తోడుకోమన్నారు. హజ్రా వాళ్ల నాన్న, టైలర్ సాయిబుగారు, ఇంటింటికీ వచ్చి మరీ చెప్పారు.

మావాళ్లకి అనుమానం మొదలైంది అక్కడే. అడక్కుండానే ఇస్తున్నారంటే ఏదో ఉంది!

అయినా దాహం కదా. వెళ్లారు, తెచ్చుకున్నారు.

నీళ్లు శుభ్రంగా ఉండాలని మసీదువాళ్లు బావిలో బ్లీచింగ్ వేయించారు. నీళ్లు వాసనొచ్చాయి. అదే వారం వీధిలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. మా తమ్ముడికి కూడా.

"ఏటో కలిపేసినారు" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలీదు. సాయంత్రానికి అందరి నోటా అదే మాట. మా మామ్మ వీధంతా చూస్తుండగా బిందెడు నీళ్లూ కాలవలో పారబోసింది.

మర్నాడు మగాళ్లు కర్రలు పట్టుకుని మసీదు గేటు ముందు నిలబడ్డారు.

లోపల చాలామంది "మనకెందుకిది, గేటు మూసేద్దాం" అన్నారట. సాయిబుగారు ఒప్పుకోలేదు. ఒక్కరే బయటికొచ్చారు.

"మూసేస్తే మీరనుకున్నదే నిజమైపోద్ది. మూయం. మీ మనిషినొకర్ని బావి కాడ పెట్టండి. మా మనిషి పక్కనే కూకోబెట్టండి. పొద్దల్లా సూడండి. మా పిల్లలూ ఈ నీళ్లే తాగుతన్నారు."

కర్రలు దిగాయి. అనుమానం దిగలేదు.

నీళ్లకొచ్చేది ఆడవాళ్లు కాబట్టి కాపలాకీ ఆడపిల్లలే అన్నారు. వాళ్ల తరఫున హజ్రా. మా తరఫున నేను.

"దాని చేతులకేసి సూడు, మొహంకేసి కాదు" అని చెప్పి పంపించింది మా అమ్మ.

బావికి అటు తను, ఇటు నేను. తను తల గోక్కున్నా నేను ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను. "ఏటే అలా సూస్తావు? కాపలా నేను కదా?"

"నేనూ కాపలానే. మీవోళ్లే ఏటైనా ఏసేసి మా మీదకి తోస్తారని మా అమ్మ నీ మీద కన్నేసి ఉంచమంది."

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే ఒకరి చేతుల్ని ఒకరం చూసుకుంటున్నాం!

తరవాత ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, ఒకావిడ ముసుగేసుకుని గబగబా వచ్చింది. కొంగులో ఏదో మూట. బావిలోకి వంగింది.

ఇద్దరం ఒకేసారి లేచాం. తను చెయ్యి పట్టుకుంది, నేను ముసుగు లాగాను.

మా మామ్మ!

మూటలో పసుపు. "మనవడికి నెమ్మదిస్తే గంగమ్మకి పసుపేస్తానని మొక్కుకున్నానే. ఆడు లేసి కూకున్నాడు. ఊళ్లో నీళ్లున్న బావి ఇదొక్కటే కదా, ఇంకెక్కడెయ్యమంటావు?"

మసీదు బావికి పసుపా! హజ్రా ఏమంటుందో, వాళ్ల పెద్దలకి తెలిస్తే ఏమవుతుందో.

హజ్రా మామ్మ చెయ్యి వదిలేసింది. "నీళ్లలో ఒద్దు మామ్మా. రంగు మారితే మళ్లీ మా మీదకే వస్తాది. గేటవతల గట్టు మీద పెట్టి దణ్ణం పెట్టుకో. నాన్నకి నేను సెప్తాను."

అలాగే పెట్టింది మామ్మ. తరవాత మా ఇంటి బిందె తెప్పించి, నిండా తోడించుకుని, వీధి మధ్య నుంచే నడిచి వెళ్లింది.

అది చూసి చాలామంది వచ్చారు. కొందరు చివరిదాకా రాలేదు. వానలు పడేదాకా మా కాపలా కూడా ఆగలేదు. అప్పటికి మాకు అది కబుర్ల చోటు.

పుకారు పుట్టించింది ఎవరో నాకొక అనుమానం ఉంది. ఇప్పటికీ. ఎన్నోసార్లు హజ్రాతో అన్నాను.

"రుజువున్నాదేటే?" అనేది.

"లేదు."

"మరి పేరు సెప్పకు. మా మీదా అలాగే సెప్పినారు."

అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు.

నిన్న మధ్యాహ్నం జనాజాకి వెళ్లాను. మా వీధి పాతవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు.

వెళ్లు హజ్రా, నెమ్మదిగా వెళ్లు. అల్లా నీకు చల్లటి చోటివ్వాలి. మా దేవుళ్లకి కూడా నీ గురించి చెప్పి ఉంచాను.