నంబరు ప్లేట్ల ప్రేమకుమారి

ప్రేమకుమారి మేడమ్‌కి రోడ్డు మీద బండ్లు కనపడవు, నంబరు ప్లేట్లే కనపడతాయి. అంకెలతో ఆమెకు పని లేదు, అక్షరాలు చాలు. ఆ అక్షరాలన్నీ స్పెల్లింగులో ఎక్కడో ఒకచోట ఉండే ఇంగ్లీషు మాట దొరికేదాకా ఆమెకు కాఫీ సయించదు. కర్ణాటక బండి అంటే కె, ఏ ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు ఎం, ఆర్ వస్తే ‘మార్కెట్’. ఇ, టి వస్తే ‘బ్లాంకెట్’. చిన్న మాటలు ఆమెకు ఆనవు.

ఈ సంగతి ఆఫీసులో కొత్తగా చేరిన ఓంకార్‌కి మొదటిరోజు క్యాబ్ ఎక్కిన అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. యలహంకలో సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మేడమ్ అద్దం దించి పక్క లారీ డ్రైవర్ని పిలిచింది.

“ఏమప్పా, నీ లారీలో పాన్‌కేక్ ఉండాది, తెలుసునా?”

“ఏనమ్మా?” అని అతను అదిరిపడి, సీటు కింద వెతకడం మొదలుపెట్టాడు. సి, పి అని రాసున్న ప్లేటు తన బండి ముందు ఉందని పాపం అతనికేం తెలుసు? పచ్చ లైటు పడింది. వెనక బండ్ల హారన్లు మోగినా అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఆమెకు యాభై ఆరేళ్లు. ఇన్సూరెన్స్ కాగితాలు చూసే ఆఫీసులో రికార్డుల సెక్షన్. అల్లుడు కొత్త కారు కొంటే రంగేమిటని అడగలేదు, ధరేమిటని అడగలేదు. ప్లేటు మీద ఎం, జెడ్ చూసి అల్లుణ్ణి వాటేసుకుంది. “కమికాజీ! ఎంత అదృష్టమప్పా నీది!” అల్లుడు ఫోన్లో అర్థం వెతుక్కున్నాడు. విమానంతో సహా పోయి గుద్దుకుని చావడం అని ఉంది. రెండు రోజులు కారు బయటికి తియ్యలేదు.

ఓంకార్‌ది నంద్యాల. మంచి పనిమంతుడు. నత్తి ఒక్కటే చిక్కు. అన్నిటికంటే కష్టం సొంత పేరు చెప్పడం. ఎవరైనా పేరడిగితే మెడలో ఐడి కార్డు ఎత్తి చూపించేవాడు. దానికి తోడు అతని మాట పూర్తిచెయ్యడానికి లోకమంతా తొందరపడేది. హోటల్లో ఖారాబాత్ ఉప్మా అడుగుదామని “ఖా... ఖా...” అనేలోపు కాఫీ తెచ్చి పెట్టేవాళ్లు. బెంగుళూరు వచ్చిన ఆరు నెలల్లో అతను తాగిన కాఫీకి లెక్కలేదు.

క్యాబ్‌లో మేడమ్ ఆటకి గట్టి రూలు ఉండేది. వంతు ఎవరిదైతే మాట వాళ్లే చెప్పాలి. ఎంతసేపైనా సరే, మిగతావాళ్లు నోరు విప్పకూడదు. విప్పినవాళ్లు మర్నాడు అందరికీ మద్దూరు వడలు తేవాలి.

మొదటిసారి ఓంకార్ వంతు వచ్చినప్పుడు ముందు వెళ్తున్న ఆటోకి ఎన్, బి ఉన్నాయి. “బ... బ... బ...” ఆటో మలుపు తిరిగిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కారు, దిగారు. పక్కనున్న ఫాతిమా రెండు చేతులతో నోరు మూసుకుంది. డ్రైవర్ గంగన్న స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. మేడమ్ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది.

“బ్యాంక్!”

“సరే. ఫాతిమా, నీ వంతు,” అంది మేడమ్, శభాష్ అని కూడా అనకుండా.

ఫాతిమా ముందున్న బండిని చూసి “మ... మ... ఆగండి... న... కాదు...” అని నసిగింది. తర్వాత గంగన్న కూడా అంతే. ఓంకార్‌కి నవ్వాగలేదు. ఆ క్యాబ్‌లో నత్తి లేనివాడు ఎవడూ లేడు!

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు మేనేజర్ మమత, బుధవారం విదేశీ క్లయింట్‌కి కాగితాలు చూసే కొత్త పద్ధతంతా ఓంకారే వివరించాలంది. పది నిమిషాలు. ఓంకార్ ఆ రాత్రే, తనవల్ల కాదంటూ మెయిల్ రాసి పెట్టుకున్నాడు. పొద్దున ఆఫీసుకి వెళ్లగానే పంపేద్దామనుకున్నాడు.

ఆ పొద్దున క్యాబ్‌లో ఫాతిమా మళ్లీ నోరు జారింది. గంగన్న వంతులో ‘నాప్కిన్’ అని అరిచేసింది.

“వడలు!” అంది మేడమ్.

“పన్నెండోసారి మేడమ్! అసలు ఓంకార్ రాకముందు ఈ రూలెక్కడుంది? అప్పుడు అందరికంటే ముందు అరిచేది మీరే కదా!”

మేడమ్ కిటికీలోంచి దీక్షగా బయటికి చూడసాగింది. అక్కడ ఒక్క బండీ లేదు, ఉత్త గోడ ఉంది.

“మే... మేడమ్, ని... నిజమేనా?”

“నీ కోసమని కాదప్పా,” అంది ఆమె గోడతో. “నా నోరు నా మాట వినదు. నువ్వు చెప్పేలోపల నేనే చెప్పేస్తానని భయం. రూలు నాకు నేను పెట్టుకున్నాను. వీళ్లు ఊరికే మధ్యలో ఇరుక్కున్నారు.”

“నా వడలు?” అంది ఫాతిమా.

“అవి బాగుండాయి, నువ్వు తెస్తానే ఉండు.”

ఓంకార్ ఆ మెయిల్ పంపలేదు.

బుధవారం తెర మీద క్లయింట్ పెద్దమనిషి, “మీ పేరు?” అన్నాడు. ఓంకార్ కార్డు జోలికి పోలేదు. “ఓ... ఓ...” పెద్దమనిషి సాయం చెయ్యబోయాడు. ఓంకార్ చెయ్యెత్తి ఆపాడు. “ఒ... ఒక్క నిమిషం సార్. నేనే చెప్తాను.” చెప్పాడు. తర్వాత మిగతాదంతా కూడా చెప్పాడు. గదిలో అందరూ ఆగారు. ఆగినందుకు ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం క్యాబ్ కదలగానే మేడమ్ వెనక్కి తిరిగింది.

“ఎంతసేపు మాట్లాడినావప్పా?”

“ఇ... ఇరవై నిమిషాలు.”

“పదే ఇచ్చినారంట కదా?”

“అవును మేడమ్. మి... మిగతా పది నేను తీసుకున్నాను.”